రేస్ కారు సెట్ కంట్రోలర్: కరెంటు లోపం కనిపెట్టడం ఎలా?



ట్రాక్ గాడిలో పరుగెత్తే బొమ్మ కార్లను స్లాట్ కార్లు అంటారు. ఇంగ్లండులో 1957లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో వచ్చిన సెట్లు ఈ ఆటకు బాగా పేరు తెచ్చాయి. కారు ఆగగానే "కంట్రోలర్ పోయింది" అని కొత్తది కొనేస్తాం, లేదా పిల్లలు అన్నీ విప్పేస్తారు. రెండూ అక్కర్లేదు. సాంచా ఆగితే జాబర్ మొత్తం విప్పడు గదా! పోగు తెగిందా, బెల్టు జారిందా, మోటారు ఆగిందా అని ఒక్కొక్కటే చూస్తాడు. ఇక్కడా అదే పద్ధతి.

కంట్రోలర్ ఎలా పని చేస్తుంది?

ఇంటి 230 వోల్టులను అడాప్టర్ తక్కువ వోల్టుల డీసీగా మారుస్తుంది. ఎన్ని వోల్టులో దాని మీదే రాసి ఉంటుంది. సాదా కంట్రోలర్‌లో సన్నని నిరోధపు తీగ చుట్టి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కేకొద్దీ ఒక లోహపు పట్టీ ఆ తీగ మీద జరుగుతుంది. నిరోధం తగ్గి, కరెంటు పెరిగి, కారు వేగం అందుకుంటుంది. ఓమ్ నియమం ప్రకారం 12 వోల్టులకు 60 ఓమ్‌లు అడ్డుంటే కరెంటు 0.2 ఆంపియర్ దాటదు.

మొదటి పరీక్ష: మార్చి చూడండి

ఒకసారికి ఒక్కటే మార్చాలి.

1. కారును పక్క లేన్‌లో పెట్టండి. అక్కడా నడవకపోతే లోపం కారుది కావచ్చు. కింద ఉన్న రాగి అల్లికలో దూది నలుసు చిక్కుకుందేమో చూడండి. మన సాంచాల ఊళ్లో ఇది మామూలే.
2. కారు బాగుంటే రెండు కంట్రోలర్ల ప్లగ్గులు అటుదిటు మార్చండి. లోపం కంట్రోలర్ వెంట వెళితే కంట్రోలర్‌దే. పాత లేన్‌లోనే ఉంటే ట్రాక్‌ది. పట్టాల తుప్పు, అతుకులు చూడండి.
3. రెండు లేన్లూ ఒకేసారి ఆగితే అడాప్టర్‌నో, దాని ప్లగ్గునో అనుమానించండి. పట్టాల మీద పిన్నులాంటిది పడి షార్ట్ అయినా ఇలాగే ఆగవచ్చు.

కంట్రోలర్‌దే అయితే

- అసలు నడవదు: వైరు తెగి ఉండవచ్చు. ఎక్కువగా ప్లగ్గు దగ్గరో, పిడి దగ్గరో తెగుతుంది.
- కదిలిస్తే నడుస్తుంది, ఆగుతుంది: వైరు లోపల విరిగింది.
- సగం నొక్కేదాకా కదలక, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది: నిరోధపు తీగ మధ్యలో కాలి తెగింది.
- వదిలినా కారు ఆగదు: స్ప్రింగ్ సడలింది, లేదా లోపల షార్ట్ అయింది.
- బాగా వేడెక్కుతుంది: కారు మోటారు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతోందేమో చూడండి.

మల్టీమీటర్ ఉంటే

కంట్రోలర్‌ను సెట్టు నుంచి పూర్తిగా తీసి, మీటరును ఓమ్‌ల మీద పెట్టండి. రెండు వైర్ల కంట్రోలర్ అయితే ట్రిగ్గర్ మెల్లగా నొక్కుతుంటే అంకె క్రమంగా తగ్గి సున్నా దగ్గరికి రావాలి. మధ్యలో ఎగిరితే అక్కడ పట్టు లేదు. డిజిటల్ సెట్లకు ఈ పరీక్ష పనికిరాదు.

తప్పనిసరి జాగ్రత్తలు

- ముట్టుకునే ముందు అడాప్టర్‌ను గోడ ప్లగ్గు నుంచి తీయాలి.
- అడాప్టర్‌ను ఎవరూ విప్పరాదు. లోపల 230 వోల్టులు ఉంటాయి, ప్రాణం పోవచ్చు. పాడైతే మార్చడమే. కొత్తదాని వోల్టులు, ప్లస్-మైనస్ అవే ఉండాలి. ఆంపియర్లు తగ్గకూడదు.
- ఫ్యాన్ రెగ్యులేటర్‌ను కంట్రోలర్‌గా వాడే ప్రయోగం ఎప్పుడూ చేయవద్దు.
- తెగిన వైరు అతికేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

పిల్లలూ, ఏది మార్చితే ఏమైందో నోటుబుక్‌లో రాసుకోండి. సైన్సు ప్రయోగమంటే అదే.

— ప్రధానోపాధ్యాయుడు