మెట్ట పంటల కూడలి: పటాన్‌చెరు

నానక్‌రామ్‌గూడ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద వాయవ్యంగా సాగితే వచ్చే పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. సైబరాబాద్ అనే పేరు పుట్టడానికి చాలా ముందే, పడమటి హైదరాబాదుకు దూరదేశాలతో సంబంధం కలిపినవి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ.

అంతకుముందే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్-8 వరిని పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లో పండించి పేరు తెచ్చుకున్నారు. అయితే ఐఆర్-8 వంటి పొట్టి వంగడాలు కోరే నీరు, ఎరువు మాగాణికే అందుబాటులో ఉండడంతో, వానను నమ్ముకున్న మెట్ట రైతుకు వాటితో వచ్చిన హరిత విప్లవం దక్కలేదు. వివిధ దేశాలు, దాతృ సంస్థలు కలిసి 1971లో ఏర్పాటు చేసుకున్న అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సలహా బృందం ఈ లోటు తీర్చడానికే కొత్త సంస్థను తలపెట్టి, 1972 మార్చి 28న భారత ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. నల్లరేగడి, ఎర్రనేల పక్కపక్కనే దొరకడం, వరి, జొన్నల పరిశోధన అప్పటికే రాజేంద్రనగర్‌లో సాగుతుండడం పటాన్‌చెరుకు కలిసివచ్చాయి. సుమారు 1,400 హెక్టార్ల ఆ క్షేత్రం కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి గ్రామాలు తమ నేలను వదలవలసి వచ్చింది. ఈ భాగస్వామ్యానికి మొదటి మూల్యం చెల్లించినవారు ఆ ఊళ్లవారేనన్న సంగతి సంస్థ చరిత్రలో ముందుగా చెప్పవలసినది.

విదేశీ శాస్త్రం ఇక్కడి రైతుకు దారి చూపిందన్న కథనం సగమే నిజం, ఎందుకంటే సంస్థకు అసలు మూలధనం పేద రైతులు తరతరాలుగా కాపాడుకున్న నాటు విత్తనాలు. ఆ విత్తనాలను ఆరబెట్టి, అతిశీతల గదుల్లో మొలకెత్తే శక్తి చెడకుండా భద్రపరిచే జన్యు బ్యాంకులో నేడు 144 దేశాల నుంచి వచ్చిన 1,20,000కు పైగా నమూనాలు ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో రైతులు పండించే, పెద్ద గింజతో త్వరగా కోతకొచ్చే ‘ఇనియాడి’ సజ్జ నుంచి ఎంపిక చేసిన ఐసీటీపీ 8203 రకం 1988లో మన దేశంలో విడుదలైంది. ఇనుము మరింత ఎక్కువగా ఉండేలా దాన్నే మెరుగుపరిచి ‘ధనశక్తి’ని రూపొందించారు. ఇదే ఇనియాడి వంశానికి చెందిన, పటాన్‌చెరులో తయారైన మరో రకాన్ని నమీబియా 1990లో ‘ఒకషానా-1’ పేరుతో విడుదల చేసింది. ఆఫ్రికాలో ఒక మూల రైతు దాచిన గింజ దక్కను మీదుగా అదే ఖండంలోని మరో మూలకు చేరడం కన్నా ఈ భాగస్వామ్యానికి మంచి నిర్వచనం దొరకదు.

శనగ మన ప్రాంతానికి మరింత దగ్గరి ఉదాహరణ. చలి ఎక్కువగా ఉండే ఉత్తరాది పంటగా పేరున్న శనగను దక్కనులో పండించాలంటే, వానలు వెనుదిరిగాక నల్లరేగడిలో మిగిలే తేమ ఆరిపోకముందే, ఎండలు ముదరకముందే అది కాపు ముగించాలి. నేల నుంచి వేరుకు సోకే ఎండు తెగులునూ తట్టుకోవాలి. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించగా 1999లో విడుదలైన జేజీ-11 ఈ రెండు అవసరాలనూ తీర్చి, కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో శనగ సాగు విస్తరించడానికి ముఖ్య కారణమైంది.

విత్తనం ఎంత మేలైనదైనా నేల, నీరు కుదరనిదే ఫలించదు కనుక, వానాకాలంలో జిగురుగా మారి బీడుపడే నల్లరేగడిలో ఎత్తైన వెడల్పు మడులు, వాటి మధ్య మురుగు కాలువలు వేసి రెండు పంటలు తీసే పద్ధతిని 1976 నుంచి పటాన్‌చెరు క్షేత్రంలో పరీక్షిస్తున్నారు. పాత పద్ధతిలో హెక్టారుకు టన్ను దరిదాపుగా ఉన్న సగటు దిగుబడి ఈ పద్ధతిలో 5 టన్నులకు చేరువైంది. ప్రయోగ క్షేత్రంలో తేలిన విషయం రైతు ఇంటి లెక్కల్లో నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కోసం అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు వంటి గ్రామాల్లో కుటుంబాల ఆదాయం, అప్పు, పనిదినాలను 1975 నుంచి నమోదు చేసిన అధ్యయనం ఈ సంస్థ పనుల్లో అత్యంత విలువైనది.

నానక్‌రామ్‌గూడకు మరీ దూరం కాని శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో, వాన నీటిని చెక్‌డ్యాములతో ఆపి నేలలోకి ఇంకించే వాటర్‌షెడ్ పథకం ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో 1999లో మొదలైంది. అక్కడ బావుల్లో నీటిమట్టం పెరిగింది. అదే పథకం కింద థాయిలాండ్, వియత్నాం గ్రామాల్లోనూ ఇటువంటి పనులు చేపట్టారు.