శాలిహుండం నుండి భట్టిప్రోలు వరకు: ధాతుపేటికల చరిత్ర

శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు తీరానికి దక్షిణంగా, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి ఎగువన, నది కుడిగట్టున శాలిహుండం కొండ ఉన్నది. ఇక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయన్ను ఎరుగనివారుండరు గాని, ఈ కృషిని తలచేవారు తక్కువ. తర్వాతి తవ్వకాల్లో స్తూపాలు, తార, మారీచి విగ్రహాలతోపాటు ధాతుపేటిక కూడా లభించింది.

ధాతువు అంటే ఇక్కడ లోహం కాదు, మహాపురుషుని అస్థి అవశేషం. దానిని చిన్న పేటికలో, ఆ పేటికను మరొకదానిలో ఉంచి స్తూపగర్భంలో శాశ్వతంగా మూసివేసేవారు. శిల్పి ఎంత శ్రద్ధగా చెక్కినా, ఆ పని మళ్లీ మనిషి కంటబడకూడదన్నదే ఉద్దేశం.

ఈ పాత్రల గురించి ఎక్కువగా చెప్పేది భట్టిప్రోలు. అక్కడి దిబ్బ ఇటుకలు అప్పటికే చాలావరకు రోడ్ల పనులకు తరలిపోయాయి. మిగిలిన భాగాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వగా మూడు రాతి పేటికలు, వాటిలో స్ఫటిక పాత్రలు దొరికాయి. రాతి మీది ప్రాకృత శాసనాలను బ్యూలర్ చదివాడు. క్రీస్తుపూర్వం నాటి ఆ లిపి మామూలు బ్రాహ్మికి కొంత భిన్నమైనది. కురుడనే వ్యక్తి, అతని తల్లిదండ్రులు కలిసి బుద్ధుని ధాతువుల కోసం ‘మజుస’ను, ‘ఫాలిగ షముగ’ను చేయించారట. మొదటిది మన మంజూష, రెండవది స్ఫటికపు భరిణె. కుబీరకుడనే రాజు పేరు కూడ ఉన్నది, అయితే దాతల బృందానికి పెద్దగా మాత్రమే. సామాన్యుల పేర్లు ఇన్ని కలిసి కనబడటం ఆంధ్రదేశపు తొలి శాసనాల్లో గొప్ప విశేషం.

నైజీరియాలోని యోరుబా ప్రజల ‘అగెరె ఇఫా’ పాత్రలు ఇందుకు విరుద్ధం. శకునం చెప్పే పదహారు తాటిజాతి గింజలను ఉంచే ఈ కొయ్య గిన్నెలను తరచు తెరుస్తారు. మోకరిల్లిన స్త్రీయో, గుర్రపు రౌతో గిన్నెను మోస్తున్నట్లు చెక్కుతారు. ఇఫాలోని పదహారు మూల సంకేతాలకూ అరబ్బుల ఇల్మె రమల్ లోని పదహారు రూపాలకూ సంబంధమున్నదని పలువురు పండితుల అభిప్రాయం. యోరుబాలలో నేడు ముస్లిములు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

భట్టిప్రోలు పేటికలు మద్రాసు మ్యూజియంకు చేరాయి. వాటిలోని ధాతువును ప్రభుత్వం మహాబోధి సొసైటీకి ఇవ్వగా, 1920లో కలకత్తా ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు.