వ్యక్తిగత కంప్యూటర్ల హార్డ్‌వేర్ మెరుగుదల: చారిత్రక పరిశీలన

కొన్నప్పుడు చురుగ్గా పనిచేసిన కంప్యూటర్ ఐదారేళ్లకు మందగించిందని చాలామంది అంటూంటారు. దుమ్ము పేరుకొని వేడెక్కితే తప్ప ప్రాసెసర్ వేగం తనంతట తాను తగ్గదు. మనం దానిపై మోపే పని పెరుగుతుంది. ఒక విడిభాగాన్ని మార్చి ఆ బరువును మోయించవచ్చన్న ఆలోచన ఎలా ఆచరణలోకి వచ్చిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ సిస్టమ్/360 శ్రేణిని ప్రకటించింది. అంతకుముందు పెద్ద యంత్రానికి మారాలంటే చాలా సందర్భాల్లో ప్రోగ్రాములను తిరిగి రాయవలసి వచ్చేది. ఈ శ్రేణిలో చిన్న నమూనాపై రాసిన ప్రోగ్రాము పెద్ద నమూనాపైనా నడిచేది. అయితే ఆ యంత్రాల్లో ఎక్కువ భాగం అద్దెకు తెచ్చుకున్నవి. మూత తీసేది కంపెనీ ఇంజనీరే గాని వాడకందారు కాదు.

ఆ మూత వాడకందారు చేతికి వచ్చింది వ్యక్తిగత కంప్యూటర్లతోనే. 1977 నాటి ఆపిల్ 2లో ఎనిమిది, 1981 నాటి ఐబీఎం పీసీలో ఐదు విస్తరణ స్లాట్లు ఉండేవి. ఐబీఎం పీసీ ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. కనిష్ఠ నమూనాలో మెమరీ 16 కిలోబైట్లు మాత్రమే. గణిత ప్రక్రియలను వేగంగా చేసే 8087 చిప్ కోసం బోర్డుపై ఒక సాకెట్‌ను ఖాళీగా వదిలారు. ఇంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. ఐబీఎం తన సర్క్యూట్ చిత్రాలను సాంకేతిక గ్రంథంగా అమ్మింది. దాంతో ఇతర కంపెనీలు ఆ స్లాట్లలో అమరే కార్డులను తయారుచేయగలిగాయి. 1983లో లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్ వచ్చాక పెద్ద పట్టికలకు మెమరీ చాలలేదు. ఏఎస్‌టీ రీసెర్చ్ వారి సిక్స్‌పాక్‌ప్లస్ వంటి కార్డులు 384 కిలోబైట్ల వరకు చేర్చి ఆ కొరత తీర్చాయి.

దీనికి భిన్నమైన దారి కూడా అప్పుడే కనిపిస్తుంది. 1984 నాటి మొదటి మాకింటోష్‌లో 128 కిలోబైట్ల మెమరీని బోర్డుకే టంకం వేశారు. విస్తరణ స్లాట్లు లేవు. పెట్టె విప్పాలంటే మామూలు స్క్రూడ్రైవర్ సరిపోయేది కాదు. అయినా కొందరు ఔత్సాహికులు పాత చిప్‌లను ఊడదీసి, కొత్తవాటికి తామే టంకం వేసుకుని మెమరీని 512 కిలోబైట్లకు పెంచుకున్నారు. కంప్యూటర్‌ను విప్పడం సాధ్యమా కాదా అన్నది తయారీదారు ముందే చేసే నిర్ణయమని ఇక్కడ గమనించండి.

ఏ భాగాన్ని మార్చాలన్న ప్రశ్నకు 1967లో జీన్ ఆమ్డాల్ చేసిన వాదన ఉపకరిస్తుంది. ఆయన మాట్లాడింది సమాంతర ప్రాసెసింగ్ గురించి. కాని ఆ తర్కం ఇక్కడా వర్తిస్తుంది. ఒక పని 10 నిమిషాలు పడుతోందనుకోండి. అందులో 8 నిమిషాలు డిస్క్ కోసం నిరీక్షణ, 2 నిమిషాలు ప్రాసెసర్ పని. ప్రాసెసర్ వేగాన్ని రెట్టింపు చేస్తే 9 నిమిషాలు పడుతుంది. అదే డిస్క్‌ను నాలుగు రెట్లు వేగవంతం చేస్తే 4 నిమిషాల్లో ముగుస్తుంది. అసలు ఆలస్యం ఎక్కడుందో చూడకుండా ఖరీదైన ప్రాసెసర్ కొన్నవారు నష్టపోయారు. 1992లో ఇంటెల్ తెచ్చిన ఓవర్‌డ్రైవ్ చిప్‌లదీ కొంతవరకు ఇదే కథ. లోపలి వేగం రెట్టింపైనా మెమరీతో సంబంధం పాత వేగంతోనే సాగేది.

విండోస్ 95 మరో ఉదాహరణ. 1995 ఆగస్టు 24న విడుదలైన ఈ వ్యవస్థకు కనీసం 4 మెగాబైట్ల మెమరీ చాలని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. చాలిందనడం కష్టం. మెమరీ నిండగానే సమాచారం డిస్క్‌కూ మెమరీకీ మధ్య అదేపనిగా తిరిగేది. మరో 4 మెగాబైట్లు చేర్చిన యంత్రం తేడా స్పష్టంగా చూపేది.

మన దేశంలో 1984 నవంబరు నాటి కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించింది. క్రమంగా విడిభాగాలు కొని కూర్పించుకునే 'అసెంబుల్డ్' కంప్యూటర్ మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే సీటీసీ, తెలుగువారికి ఇందుకు పేరుపొందిన చోటు. కంపెనీ పేరు లేని ఆ డబ్బాలను చిన్నచూపు చూసినవారూ ఉన్నారు. మరుసటి ఏడు మెమరీ పెంచుకోవడానికి అవే అనువైనవి.

ఇటీవలి కాలంలో పెద్ద మార్పు డిస్క్‌లో వచ్చింది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్‌లో కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. హెడ్ కదలికకు పట్టే సమయం అదనం. కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీకి ఈ నిరీక్షణ లేదు. 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎం వంటివి వచ్చాక, ధరలు తగ్గేకొద్దీ, పాత యంత్రాలకు ఇంతగా ఉపయోగపడిన మార్పు మరొకటి లేదనే చెప్పాలి.

అదే 2008లో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్‌లో మెమరీని మళ్లీ బోర్డుకే టంకం వేశారు. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇప్పుడు ఆ దారినే నడుస్తున్నాయి. 2022 డిసెంబరులో భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. అయితే మరమ్మతు వేరు, మెరుగుదల వేరు. చెడిపోయిన 8 గిగాబైట్ల బోర్డు స్థానంలో మరో 8 గిగాబైట్ల బోర్డు దొరికితే మరమ్మతు జరిగినట్లే. దానిని 16 చేసుకునే వీలు మాత్రం ఆ యంత్రంలో స్లాట్ ఉందా లేదా అన్నదానిపైనే ఆధారపడి ఉంటుంది.