పని వెతుక్కోవడం నేరమైన రోజులు

మనది ఏ శాఖ అని ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి. ఉప్పు ఎరుకల, ఎద్దు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల అని చెబుతారు. అవన్నీ పనులను బట్టి వచ్చిన పేర్లే. ఉప్పువాళ్ళు సముద్రపు ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీద మెట్ట ఊళ్ళకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. దబ్బవాళ్ళు వెదురు చీల్చి గంపలు, చేటలు అల్లేవారు. కుంచెవాళ్ళు నేతగాళ్ళకు పడుగు దువ్వే కుంచెలు కట్టేవారు.

ఈ బతుకుల్ని చెడగొట్టింది మనవాళ్ళ సోమరితనం కాదు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, పన్ను, ఆపైన రైలు. గాడిద మోసే బస్తా గూడ్సు బండితో పోటీ పడుతుందా? 1876–78 ధాత కరువు మిగిలిన బేరాన్నీ ఊడ్చేసింది. మిల్లు బట్ట వచ్చి మగ్గాలు తగ్గాక కుంచెలు కొనేవారూ తగ్గారు.

పని పోయినవాడు పని కోసం ఊళ్ళు తిరుగుతాడు. ఆ తిరగడమే అనుమానమైంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. రిజిస్టరులో పేరెక్కినవాడు వేలిముద్ర వేయాలి, పోలీసులకు హాజరు చెప్పుకోవాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టినవాళ్ళు చీరాల పొగాకు కంపెనీకి కూలికి వెళ్ళేవారు. కూలి చాలక, చెప్పకుండా వెళ్ళిపోతే శిక్షే.

గోదావరి జిల్లా కూలీలు చెడ్డ రోజులొస్తే కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళేవారు. అక్కడా సుఖం లేదనుకోండి. ఆర్థిక మాంద్యం నడుస్తున్న 1930లో, మే నెలలో, రంగూన్ రేవు పని కోసం బర్మావాళ్ళకూ తెలుగు కూలీలకూ మధ్య గొడవలు రేగి వందమందికి పైగా చనిపోయారు. అయినా వాళ్ళకు వెళ్ళే దారంటూ ఒకటి ఉంది. రిజిస్టరులో ఉన్న ఎరుకలవాడికి పక్క ఊరు వెళ్ళాలన్నా చీటీ కావాలి.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952లో పోయింది.

2011 ఖరీఫ్‌లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. లక్ష ఎకరాలకు దగ్గరగా వరి వేయలేదు. వాళ్ళ బాధ నిజమే, ధాన్యానికి గిట్టుబాటు ధర రాలేదు. కాని వరి వేయని ఊళ్ళో కోతలూ లేవు, నూర్పులూ లేవు. ఇక గంపకూ చేటకూ ఏం పని? ఆ ఏడు పని కోసం ఊరు దాటినవాళ్ళను చీటీ ఎవరూ అడగలేదు. కొత్త ఊళ్ళో ఏదైనా వస్తువు పోతే ముందు ఎవరి గుడిసె దగ్గరకొస్తారో మాత్రం మీకు చెప్పక్కర్లేదు.