గంజాము వైద్యచరిత్ర – మెడ్‌లైన్ పట్టికలు – తెలుగువారి పేర్లు

ఒక సీమ చరిత్రను వ్రాయువారు శాసనములను, కైఫీయతులను, దొరతనమువారి నివేదికలను వెదకుట పరిపాటి. 1815లో విషజ్వరము ప్రబలి గంజాము పట్టణము పాడుపడిన సంగతి ప్రసిద్ధము. అట్టి పూర్వవృత్తాంతములకు మాల్ట్‌బీ 1882లో ప్రకటించిన గంజాం జిల్లా మాన్యువలు వంటి గ్రంథములు శరణ్యములు. కాని గత డెబ్బది ఎనుబది సంవత్సరములలో ఈ సీమయందలి వ్యాధులను గూర్చి జరిగిన పరిశోధన యంతయు వైద్యపత్రికలలో చెదరియున్నది. దానిని గుదిగ్రుచ్చిన సూచి మెడ్‌లైన్.

ఈ సూచి వంశవృక్షము దీర్ఘమైనది. అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ 1879లో ‘ఇండెక్స్ మెడికస్’ అను వైద్యవ్యాస సూచికను ఆరంభించెను. 1964లో ఆ పని కంప్యూటరున కెక్కినది. 1971లో మెడ్‌లైన్ అను పేర దూరస్థులకును అందుబాటైనది. 1997 నుండి పబ్‌మెడ్ ద్వారా ఎల్లరకు ఉచితముగా లభించుచున్నది. నేడు అందు 3 కోట్ల 70 లక్షలకు పైగా వ్యాసముల వివరములు కలవు.

ఇందలి ఒక్కొక్క వ్యాసమునకు ఒక్కొక్క పట్టిక. ప్రతి అంశమునకు ముందు ఒక సంకేతముండును: వ్యాససంఖ్యకు పి.ఎం.ఐ.డి., శీర్షికకు టి.ఐ., రచయితకు ఏ.యు., చిరునామాకు ఏ.డి., విషయపదములకు ఎం.హెచ్. అంశము ఒక పంక్తిని మించినచో, తరువాతి పంక్తి కొంత ఖాళీ విడిచి మొదలగును. ఒక పట్టిక ముగిసినదనుటకు ఖాళీ పంక్తియే గుర్తు. వేలకొలది పట్టికలను కంటితో చదివి ఏర్చుట మానవసాధ్యము కాదు. పైథాన్ అను కంప్యూటరు భాషలో వ్రాయువారి కొఱకు 1999లో ఆరంభమైన బయోపైథాన్ అను ఉపకరణ సంపుటి ఈ పనిని నిర్వహించును. పద్యమునకు పదచ్ఛేదము చేసినట్లు అది పట్టికను అంగములుగా విడదీసి, శీర్షికను ఒక వాక్యముగను, రచయితల పేర్లను ఒక జాబితాగను మన చేతికిచ్చును. అయితే పట్టికలో లేని అంగమును సూటిగా కోరినచో పని అచటనే నిలిచిపోవును. లేనిచో లేదని చెప్పుమని ముందుగా ఏర్పాటు చేసికొనవలెను. ఇది చిన్న విషయమువలె తోచినను, గంజాము చరిత్రకు దీనితో పెద్ద ప్రసక్తి కలదు.

బరంపురమున మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల 1962లో నెలకొన్నది. పట్టికలలో రచయిత చిరునామాను చేర్చు ఆచారము 1988 నుండి మాత్రమే మొదలైనది. అదియు మొదటి రచయితకే. తక్కిన రచయితల చిరునామాలు 2014 ప్రాంతమున గాని రాలేదు. కావున చిరునామాను బట్టి వెదకినచో ఆ కళాశాల తొలి 26 సంవత్సరముల కృషి సామాన్యముగా కానరాదు. కనబడు కాలమునందైనను సంకటము తప్పదు. ఊరిపేరు ఒకచో బెర్హంపూర్, వేరొకచో బ్రహ్మపూర్. ముర్షిదాబాదు జిల్లాలోని వంగదేశపు పట్టణమునకు సైతము ఇంచుమించు అదే వ్రాత. మన సముద్రతీరపు సోనేపూర్ సంగతియు నిట్టిదే. ఆ పేరిట మహానదీతీరమున పూర్వసంస్థాన రాజధాని ఒకటి కలదు; బీహారులో గండకీతీరమున పశువుల సంతకు పేరొందిన ఊరు మరియొకటి కలదు. ఏది ఏదియో యంత్రమెరుగదు.

చిరునామాను విడిచి శీర్షికలలో గంజాము అను మాటను వెదకుదమన్నచో మొట్టమొదట ఎదురగునవి ఒక వైరసును గూర్చిన వ్యాసములు. పూర్వము రస్సెల్‌కొండ యనబడిన భంజనగరము వద్ద మేకల నంటిన గోమారులనుండి 1954–55 ప్రాంతమున ఆ వైరసును వేరుపరచి, దానికి ఈ జిల్లా పేరునే పెట్టిరి. ఆఫ్రికాలో గొఱ్ఱెలకు సోకు నైరోబీ వ్యాధి వైరసును ఇదియు ఒక్కటే యని 2002లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. కావున గంజాము పేరు గల వ్యాసమెల్ల గంజాము ప్రజలను గూర్చినది కాదు. దాని పశుసంపదను గూర్చిన వ్యాసము నైరోబీ పేరిట దాగియుండవచ్చును.

ఇక మిగిలినది రచయితల పేర్లను బట్టి వెదకుట. ఇచటనే తెలుగువానికి అసలు చిక్కు. పట్టిక ఒక్క పేరును పూర్తిగా నిలిపి, తక్కినవానిని పొడి అక్షరములుగా కుదించును. పాశ్చాత్యులకు నిలుచునది వంశనామము. మనకు తరచుగా నిలుచునది సొంతపేరు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ లోకమున ‘సుబ్బారో వై’ అయిరి. యల్లాప్రగడ వంశమంతయు ఒక్క అక్షరమున అణగిపోయినది. విశ్వవిఖ్యాతులగుటచే వారిని మనము గుర్తింతుము. ఒక జిల్లా ఆసుపత్రిలో జీవితమంతయు సేవచేసి, రెండు మూడు వ్యాసములు మాత్రమే వ్రాసిన ‘రావు కె.’ ఎవరో గుర్తించువారెవరు? పూర్తి పేర్లను చేర్చుట 2002 నుండి గాని మొదలు కాలేదు. యంత్రము పేరును తప్పక విడదీయును గాని, ఇంటిపేరును తిరిగి ఈయజాలదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము ఒరిస్సాలో చేరిన పిమ్మట ఇచటి తెలుగువారి స్మృతి పెక్కు విధముల చెదరినది. వైద్యుల స్మృతియు నట్లు కాకుండ రెండు పనులు చేయదగును. మొదటిది, ఊళ్ల పేర్లకు గల వేర్వేరు వ్రాతలను, పాతతరపు వైద్యుల ఇంటిపేర్లను, వారు పనిచేసిన సంవత్సరములను పెద్దల నడిగి ఒక జాబితాగా కూర్చుట. దానిని వ్యాససంఖ్యలతో సరిపోల్చుట. రెండవది, నేటి పరిశోధకులు తమ పేరును ప్రతి వ్యాసమునందును ఒకే తీరున, పూర్తిగా వ్రాయుట. 2012లో వచ్చిన ఆర్కిడ్ సంఖ్యను జతపరచుట. వీనిలో రెండవదానికి గడువు లేదు. మొదటిదానికి కలదు: ఆ పేర్లెరిగిన పెద్దలు నానాటికి తరుగుచున్నారు. వారు మనలో నుండగానే ఈ కార్యమునకు పూనుకొనుట కర్తవ్యము.