గుండె లయను దిద్దే యంత్రమునకు పరీక్షలు

గుండెలోనే పుట్టే స్వల్ప విద్యుత్ ప్రేరణ వల్ల అది లయ తప్పకుండా కొట్టుకొంటుంది. ఆ ప్రేరణ అదుపు తప్పితే క్రింది గదులైన జఠరికలు ముడుచుకొనడం మాని వణకనారంభిస్తాయి. మెదడుకు రక్తం అందదు. మనిషి క్షణాలలో స్పృహ తప్పుతాడు. బయటినుండి విద్యుద్ఘాతమిచ్చి ఆ వణకును ఆపేవారు లేకపోతే నిమిషాలలో ప్రాణం పోతుంది.

1960లలో ఇస్రాయేలులో మైకెల్ మిరోవ్‌స్కీ అనే వైద్యుని గురువు లయదోషం వల్లనే మరణించాడు. ఘాతమిచ్చే యంత్రమునే రోగి శరీరంలో అమర్చితే? ఈ ఆలోచనతో ఆయన అమెరికాలోని బాల్టిమోరు నగరం చేరి, 1969లో మోర్టన్ మవర్ అనే వైద్యునితో కలిసి కుక్కలపై ప్రయోగాలు ప్రారంభించాడు. ఆ కుక్క కూలిపోవడం, యంత్రం ఘాతమివ్వడం, అది లేచి తోక ఆడించడం చలనచిత్రం తీసి చూపారు. పడిపోవడం కుక్కకు నేర్పి ఉంటారని కొందరు శంకించారట! దానితో గుండె విద్యుత్ రేఖను కూడా చిత్రంలో చేర్చవలసి వచ్చినది. బయటినుండి ఘాతమిచ్చే పద్ధతిని తీర్చిదిద్దిన బెర్నార్డ్ లౌన్ కూడా 1972లో ఈ యంత్రం అవసరాన్నే ప్రశ్నించాడు.

1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి ఒక స్త్రీకి దీనిని అమర్చారు. పని చేస్తున్నదో లేదో తెలిసేదెట్లా? మొదటి రోగుల గుండె లయను వైద్యులే కావాలని చెడగొట్టి, యంత్రం దిద్దుతుందేమో చూశారు. ఎంత గుండెనిబ్బరం కావలెనో ఊహించండి. 1985లో అమెరికా ప్రభుత్వం దీనిని అనుమతించినది.

అయితే లయను దిద్దడం వేరు, ఆయుష్షును పెంచడం వేరు. గుండె అదనపు కొట్టుకోళ్ళను చక్కగా అణచిన కొన్ని మందులు వాడినవారిలోనే మరణాలు హెచ్చుగా ఉన్నవని 1989లో బయటపడినది. కనుక యంత్రమునకూ ఆ పరీక్ష తప్పలేదు. గుండెపోటు వచ్చి, ప్రమాదం హెచ్చుగా ఉన్న 196 మందిని యాదృచ్ఛికంగా రెండు జట్లు చేశారు. యంత్రం అమర్చిన 95 మందిలో 15 మంది, మామూలు చికిత్స పొందిన 101 మందిలో 39 మంది మరణించారు. తేడా స్పష్టం కాగానే పరీక్ష నిలిపివేశారు. 1996లో ఈ లెక్క ప్రకటించేనాటికి మిరోవ్‌స్కీ లేడు, 1990లోనే మరణించాడు.

మరి కావాలని లయ చెడగొట్టే ఆ తొలినాటి పద్ధతి? దానినీ 2,500 మందిపై పరీక్షించారు. అట్లా చేసినందువల్ల రోగులకు అదనపు మేలేమీ లేదని 2015లో తేలినది.