“ఆ ప్రవక్త” ఎవరు? - యోహాను 1:21 చారిత్రక నేపథ్యం

పాతబస్తీలో సేవ చేసే పాస్టరుకు యోహాను 1:21 గూర్చిన ప్రశ్న సంఘంలో కంటే వీధిలోనే ఎక్కువగా ఎదురవుతుంది. బాప్తిస్మమిచ్చు యోహాను తాను క్రీస్తును కానని ఒప్పుకొన్న తరువాత, యెరూషలేము నుండి వచ్చిన యాజకులును లేవీయులును అతనిని ఏలీయావా అనీ, ఆ ప్రవక్తవా అనీ విడివిడిగా అడిగారు. “క్రీస్తు వేరు, ఆ ప్రవక్త వేరు అని మీ ఇంజీలులోనే ఉంది గదా పాస్టర్ సాబ్, మరి ఆయనెవరు?” అని శాలిబండలో ఒక ముస్లిం పెద్దాయన నన్ను అడిగారు. “ఇద్దరూ ఒక్కరే” అని చెప్పి ఆ రోజు తప్పించుకొన్నాను. వచనం అలా చెప్పడం లేదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. క్రీ.శ. 781 ప్రాంతంలో బాగ్దాదులో ఖలీఫా అల్ మహదీ, తూర్పు సంఘాధిపతియైన మొదటి తిమోతి ముందు ద్వితీయోపదేశకాండము 18లోని ప్రవక్తను ప్రస్తావించాడు. 1854లో ఆగ్రాలో ఫాండర్‌తో వాదించిన రహ్మతుల్లా కైరాన్వీ, తరువాత 1864లో అరబ్బీలో వెలువరించిన ‘ఇజ్‌హారుల్ హక్’లో యోహాను 1:21నే సాక్ష్యంగా చూపాడు. యూదులు మెస్సీయ గాక మరొకరి కొరకు కనిపెట్టారన్నది ఆయన వాదన. అందులో మొదటి సగం నిజమని మనం ఒప్పుకోవాలి.

గ్రీకు మూలంలో ప్రవక్త అనే మాటకు ముందు నిర్దేశక ఉపపదం ఉంది. తెలుగులో అటువంటి ఉపపదం లేదు గనుక “ఆ ప్రవక్త” అని అనువదించారు. ఉర్దూలో “వో నబీ”. “ఆ” అనగానే మన చెవికి ఎవరినో వేలుపెట్టి చూపినట్లుంటుంది. అయితే గ్రీకు మాటకు ఇక్కడ భావం, అందరూ ఎదురుచూస్తున్న ప్రవక్త, అనగా మోషే వంటివాడు.

ఆ ఎదురుచూపుకు చరిత్రలో ఆధారాలున్నాయి. మక్కబీయుల మొదటి గ్రంథం 4:46 ప్రకారం, అపవిత్రమైన బలిపీఠపు రాళ్లను ఏమి చేయాలో తోచక, ఒక ప్రవక్త వచ్చి చెప్పేవరకు వాటిని దాచిపెట్టారు. ఇది క్రీ.పూ. 164 నాటి మాట. 1947లో కుమ్రానులో దొరికిన సమాజ నియమావళి ఒక ప్రవక్తను, అహరోను ఇశ్రాయేలుల మెస్సీయలను వేర్వేరుగా పేర్కొంటుంది. నాలుగవ గుహలోని ఒక చిన్న పత్రంలో ద్వితీయోపదేశకాండము 18:18-19, బిలాము ప్రవచనం, లేవీ ఆశీర్వాదం వరుసగా రాసి ఉన్నాయి: ప్రవక్త, రాజు, యాజకుడు. యోహానును ప్రశ్నించినవారు ఇటువంటి ఆలోచనల మధ్య పెరిగినవారే. యోహాను 7:40-41లో జనసమూహం కూడా ఇలాగే చీలిపోయింది. కొందరు ఆ ప్రవక్త అన్నారు, కొందరు క్రీస్తు అన్నారు.

మరి “సహోదరులు” అన్న మాట? ఇష్మాయేలీయులని మన ముస్లిం మిత్రులు అంటారు. ద్వితీయోపదేశకాండము 23:7 ఎదోమీయులను సహోదరులని పిలుస్తున్నది గనుక ఆ మాటకు అంత విస్తృతి లేదనలేము. కాని ఒక్క అధ్యాయం ముందు, 17:15లో, రాజును సహోదరులలోనుండే నియమించాలి, అన్యుని కాదు అని ఉంది. అదే ప్రసంగంలో అదే మాట. ఇక్కడ ఇశ్రాయేలీయులనే భావం నాకు బలంగా కనిపిస్తుంది. పేతురు అపొ. కా. 3:22లో దానిని యేసుకే అన్వయించాడు. విడివిడిగా ఉన్న నిరీక్షణలు ఒకే వ్యక్తిలో కలిశాయన్నది ఆదిమ సంఘపు సాక్ష్యం. యోహానును అడిగినవారికి అది తెలియదు.

మన ప్రసంగాలలో సాధారణంగా వదిలేసే వచనం యోహాను 6:15. అయిదు రొట్టెలు పంచగానే, మన్నాను తలంచుకొన్నవారై, జనులు ఆయనను ఆ ప్రవక్తగా గుర్తించారు. గుర్తింపు సరియైనదే. వెంటనే ఆయనను బలవంతంగా రాజును చేయబోయారు. ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు.

కొన్ని వారాల తరువాత ఆ పెద్దాయన దగ్గరకు వెళ్లి, నా మొదటి జవాబు తప్పని ఒప్పుకొని, 17:15 చూపించాను. ఆయన దానిని అంగీకరించలేదు. అయితే 6:15 రెండుసార్లు చదివి, “రాజ్యం ఇస్తామంటే ఎందుకు వెళ్లిపోయారు?” అని అడిగారు. మగ్రిబ్ అజాన్ వినబడే వరకు దాని గురించే మాట్లాడుకొన్నాం.